ఫోర్కులో ఏ నూనె అయితే ఏమి అనేవాళ్లకు నా జవాబు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాసేది రిటైరైన తరువాతే నేర్చుకున్నాను. తప్పులుంటే తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి. రవంత పొడుగే.

పోయిన నెల మీటింగులో నేను ఒకటి అడిగినాను. హాలు వెనక ఖాళీ స్థలంలో నెలకు ఒక ఆదివారం మన పిల్లలకు బండి పని నేర్పిస్తాను, మొదట ముందర ఫోర్కు ఆయిల్ మార్చేది, జాకీ, స్పానర్ సెట్టు, కొలత గ్లాసు కోసరం 4,000 రూపాయలు ఇయ్యండి అని. మూడు జవాబులు వచ్చినాయి. "ఫోర్కులో ఏ నూనె పోస్తే ఏమి, కారినప్పుడు చూసుకుందాం" అని ఒకరు. "మన పిల్లలు చదువుకొని చేతికి గ్రీజు పూసుకోవాల్నా?" అని ఇంకొకరు. "ఇది తెలుగు సంఘమా, మెకానిక్ షెడ్డా?" అని మూడో ఆయన. ఆ పొద్దు నోరు మూసుకొని వచ్చేసినాను. ఇప్పుడు చెప్తాను.

"ఏ నూనె అయితే ఏమి" అని నేనూ అన్నవాణ్ణే. ఇంజన్‌కు పోయగా మిగిలిన 20డబ్ల్యూ-40 ఆయిల్‌ని నా పాత బండి ఫోర్కులో పోసినాను. ఆ వారమంతా మణికట్లు నొప్పి. చిన్న గుంత పడినా రాతికి గుద్దుకున్నట్లే. అప్పుడే తెలిసింది, ఫోర్కులో నూనె ఉండేది రాపిడికి మాత్రం కాదని. లోపల రాడ్డుకు సన్న రంధ్రాలుంటాయి. చక్రం దిగి లేచేటప్పుడు నూనె వాటి గుండా దూరిపోవాల. ఆ అడ్డంకే స్ప్రింగు ఊగులాటను ఆపేది. నూనె జాస్తి చిక్కగా ఉంటే దూరదు, ఫోర్కు బిగుసుకుంటుంది. మరీ పలచనైతే బండి ఊగుతానే ఉంటుంది.

డబ్బా మీద 10డబ్ల్యూ అని ఉంటే చాలదా అంటారు. చాలదు. ఇంజన్ ఆయిల్ మీది 10డబ్ల్యూ వేరు, ఫోర్క్ ఆయిల్ మీది 10డబ్ల్యూ వేరు. ఫోర్క్ ఆయిల్‌లోనే ఒక కంపెనీ 10కి, ఇంకొక కంపెనీ 10కి తేడా ఉంటుంది. చూడవలసింది 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోక్స్ అని. 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ చాలావరకు 30కి అటూ ఇటూ ఉంటుంది. 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ 100 దాటుతుంది. నేను పోసింది మూడింతలు చిక్కన! ఏ గ్రేడు, ఒక్కో కాలికి ఎన్ని మిల్లీలీటర్లు అని మాన్యువల్‌లో ఉంటుంది. అందులో ఏటీఎఫ్ అని రాసి ఉంటే ఏటీఎఫే పోయండి. నేను రైల్వే స్టోర్సులో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. ఇండెంటులో ఒక నూనె రాసి ఉంటే, పక్క డ్రమ్ములో ఇంకొకటి ఉందని ఇచ్చేది కుదరదు. ఇంటి బండికి మాత్రం ఆ కట్టుబాటు ఎందుకు లేదు?

"కారినప్పుడు చూసుకుందాం" అనేవాళ్లకు మా వీధి పిల్లవాడి సంగతి. సీలు పోయి నూనె కారుతున్నా రెండు నెలలు గుడ్డతో తుడిచి నడిపినాడు. ఆ నూనె ఫోర్కు కాలి మీదుగా జారి డిస్కు మీద, ప్యాడ్ల మీద పడింది. ఒక సాయంత్రం అడ్డంగా ఆటో వస్తే బ్రేకు పట్టినాడు, పట్టలేదు. మోచెయ్యి విరిగింది. ప్రాణం మిగిలింది, అది ఆ దేవుడి దయ. నూనె పీల్చిన ప్యాడ్లను తుడిచి మళ్లా వేసుకోకూడదు, మార్చాల్సిందే. ఇది వానికి ఎవరు చెప్పినారు? మనలో ఎవరూ చెప్పలేదు. నేనూ చూసి చెప్పలేదు. ఆ బాధతోనే మీటింగులో అడిగినాను.

పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. బండిని సెంటర్ స్టాండు వేసి ఇంజన్ కింద జాకీ పెట్టాల. క్యాలిపర్‌ను తాడుతో కట్టాల, బ్రేకు ట్యూబు మీద వేలాడనియ్యకూడదు. చక్రం తీసినాక బ్రేకు లీవరు నొక్కకూడదు. కాలు ఊడదీసే ముందే, పై క్లాంపు బోల్టు వదులు చేసి, మూత బోల్టును రవంత తిప్పి పెట్టాల. చివరి మరలో స్ప్రింగు మూతను ఎగదన్నుతుంది, ముఖం పక్కకు పెట్టుకోవాల. పాత నూనె బూడిద రంగుగా, కంపు కొడుతూ వస్తుంది. అంతా ఒంపి, కొలిచి పోసి, గాలి పోయేదాకా మెల్లగా పైకి కిందికి ఆడించాల. రెండు కాళ్లలోనూ ఒకే మట్టం ఉండాల. జాస్తి పోస్తే మేలు కాదు, లోపల గాలికి చోటు తగ్గి సీలు తన్నుకొని వచ్చేస్తుంది. అంతా బిగించినాక, బండి కదిలే ముందు బ్రేకు లీవరు నాలుగైదు సార్లు నొక్కి గట్టిపడిందా చూడాల. పాత నూనె మోరీలో పోయకండి, మెకానిక్ దగ్గర వాడిన నూనె డ్రమ్ములో పోయండి. పైపు వంగినా, తలకిందుల ఫోర్కు అయినా ఇంట్లో ముట్టొద్దు, తెలిసిన మెకానిక్ దగ్గరికి పోండి. నేను మెకానిక్కులకు శత్రువును కాదు. ఏ నూనె పోసినావు అని అడిగేంత తెలివి మనకు ఉండాలంటున్నాను, అంతే.

గ్రీజు మాట అన్న పెద్దాయనకు ఒకటే చెప్తాను. మా నాయన రైల్వేలో ఫిట్టరు. ఆయన గ్రీజు చేతులతో తెచ్చిన జీతంతోనే నేను చదివి గుమాస్తా అయినాను. మీ ఇంట్లోనూ రెండు తరాలు వెనక్కి పోయి చూడండి.

ఇంక తెలుగు సంఘం సంగతి. మన ఆదివారం తెలుగు క్లాసుకు ఎంతమంది వస్తున్నారో హాజరు పుస్తకం చూడండి. పోయిన వారం ఆ పిల్లవాడే, చెయ్యి బాగైనాక, మా ఇంటికి వచ్చి నాతో ఫోర్కు విప్పినాడు. ముందు "ఇదెన్న తాతా?" అన్నాడు. రెండు గంటల తరువాత "తాతా, ఇది వదులు కాలేదు, కారుతా ఉంది, గుడ్డ ఇయ్యి" అన్నాడు. వదులు, బిగించు, మర, మట్టం, ఇవన్నీ ఏ పలకా లేకుండా వచ్చినాయి. ఇండ్లలో తెలుగు వంటగది దాటడం లేదని ప్రతి మీటింగులో ఏడుస్తాం కదా. దాటించేదానికి ఒక పని చూపిస్తే షెడ్డు అంటారా?

వచ్చే కమిటీలో ఈ 4,000 రూపాయల సంగతి మళ్లా పెట్టమని సెక్రటరీ గారిని కోరుతున్నాను. వద్దంటే కారణం మినిట్స్‌లో రాయండి. డబ్బు రాకపోయినా, వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు మా వాకిట్లో నా స్పానర్లతో మొదలుపెడతాను. వచ్చే పిల్లలు బండి మాన్యువల్, ఒక పాత గుడ్డ తెచ్చుకోండి. మీ ఇంటి బండి ముందర పైపు మీద ఈ పొద్దే ఒకసారి వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే నాకు చెప్పండి.