చలికి అక్కడ సాయం.. మన ఎండకు ఏదీ?

బ్రిటన్‌లో వృద్ధులకు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ప్రభుత్వం 300 పౌండ్ల వరకు ఇస్తోంది. 2024లో చాలామందికి కోత పెట్టి, గొడవ కావడంతో 2025లో వెనక్కి తగ్గింది. మరి ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్ల సంగతేంటి?

ఇక్కడ పెద్దోళ్లను పీడించేది చలి కాదు, ఎండ. వయసు మీదపడితే దాహం సరిగ్గా తెలీదు. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తాయి. రేకుల ఇంట్లో 40 డిగ్రీలు దాటితే ఫ్యాను కూడా వడగాలే కొడుతుంది.

2024 జులై నుంచి పింఛన్ 4 వేలైంది, నిజమే. మందులు, కరెంటు బిల్లు అందులోనే. దీపం-2 కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం.. ఆయాసం ఉన్నోళ్లకు పొగ తప్పడమే పెద్ద ఊరట. చల్లదనానికంటూ విడిగా పైసా లేదు. చలివేంద్రమా? మంచం దిగలేని అవ్వ అక్కడిదాకా ఎలా వెళ్తుంది?