ఆఖరి వారాల అలసట

కర్మెలు పర్వతం మీద ఏలీయా ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది. ఏళ్ల తరబడి చుక్క వాన ఎరుగని నేల తడిసింది. అహాబు రథానికి ముందుగా పరుగెత్తి ఆయన యెజ్రెయేలు చేరాడు. ఇంత చూసినవాడు, యెజెబెలు పంపిన ఒక్క కబురుకు హడలిపోయాడు. బెయేర్షెబాలో తన దాసుణ్ణి విడిచి, అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం సాగి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకున్నాడు (1 రాజులు 19). పోరాటానికి ముందు రావలసిన భయం గెలిచిన తర్వాత రావడమేమిటని మనకు అనిపించవచ్చు. నెలల తరబడి మందులు మింగినవారిని అడగండి. వారికి ఇందులో వింతేమీ కనిపించదు.

పరవాడలో అలాంటి ఒక సహోదరుణ్ణి ఊహించుకుందాం. జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీలో కాంట్రాక్టు కార్మికుడు. ఒక వారం పగలు, మరో వారం రాత్రి డ్యూటీ. ఏదో చిన్న ఆపరేషన్ కోసం రక్తపరీక్ష చేయిస్తే హెపటైటిస్ సి ఉందని తేలింది. డాక్టరు 12 వారాల కోర్సు రాశారు. ఇప్పుడు పదో వారం నడుస్తోంది. తోటివారు అడిగితే గ్యాస్ మాత్ర అని చెబుతున్నాడు. సూపర్‌వైజర్‌కు తెలిస్తే గేటు పాస్ ఉంటుందో ఊడుతుందోనని భయం. నాలుగో వారం పరీక్షలో వైరస్ కనిపించలేదన్నారు గదా, మరి ఈ నీరసమేమిటి, నిద్ర పట్టకపోవడమేమిటి, ఇంట్లో చిన్న మాటకే కోపం రావడమేమిటి అని తనలో తానే కుమిలిపోతున్నాడు. విశ్వాసం తగ్గిందేమోనన్న అనుమానం అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తోంది.

ఈ ఫార్మాసిటీలోనే లారస్ ల్యాబ్స్ యూనిట్లలో హెచ్ఐవీ మందులకు కావలసిన ముడి ఔషధాలు తయారై దేశదేశాలకు వెళుతున్నాయి. వైరస్‌ను అణచే మందు మనకు ఎక్కడో సముద్రాల అవతలి సంగతి కాదు. అయినా ఆ మందు తన ఒంట్లోకి వెళ్లే రోజు వచ్చేసరికి ఆ మాట పైకి చెప్పుకోలేని ఊళ్లోనే మనం బతుకుతున్నాం.

హెపటైటిస్ సి వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ పరిశోధనకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట దీనికి చికిత్స అంటే వారం వారం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు. ఆరు నెలలు, కొందరికి 48 వారాలు. సూది పడిన రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు. రక్తహీనత, దిగులు. బతుకు మీద విరక్తి కలిగి మధ్యలో మానేసినవారు చాలామంది. 2013 చివర అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ ఆ పరిస్థితిని మార్చింది. అక్కడ దాని ధర మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్లు. మన హైదరాబాద్ సంస్థ నాట్కో 2015లో దాని జనరిక్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. 2018 జులై 28న కేంద్రం ప్రారంభించిన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. కోర్సు పూర్తి చేసిన వారిలో నూటికి 95 మందికి పైగా వైరస్ శాశ్వతంగా పోతుంది. దుష్ఫలితాలూ చాలామందికి స్వల్పమే. అలసట, తలనొప్పి, వికారం, నిద్రలేమి.

ఆ స్వల్పమే అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. పాత సూదులతో పోల్చితే స్వల్పమే. ఎనిమిది గంటలు నిలబడి చేసే పనితో, రాత్రి డ్యూటీతో, ఎవరికీ చెప్పుకోలేని రహస్యంతో కలిస్తే అదే కొండంత అవుతుంది. మొదటి వారాల్లో భయమే మనిషిని నడిపిస్తుంది. నడుమ రిపోర్టు ఇచ్చిన ఆశ నడిపిస్తుంది. ఆఖరి వారాలకు అవి రెండూ అయిపోతాయి. చుట్టూ ఉన్నవారికి కూడా జబ్బు సంగతి పాతబడిపోతుంది. ఇంకా రెండు వారాలేగా అంటారు. మోసేవాడికి మాత్రం ఆ రెండు వారాలే బరువు.

బదరీవృక్షం కింద పడివున్న ప్రవక్తతో దేవుడు ఏం చేశాడో చూడండి. కర్మెలు మీద అంత చూసి ఇంత పిరికితనమా అని నిలదీయలేదు. దూతను పంపాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత కోప్పడలేదు. రెండోసారి వచ్చి తట్టి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, భోజనం చెయ్యమన్నాడు. నీకు ఇక్కడ ఏం పని అన్న ప్రశ్న నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాక గానీ రాలేదు. ముందు నిద్ర, తిండి, నీళ్లు. ఆ తర్వాతే మాటలు. మన సంఘాల్లో ఈ వరుస చాలాసార్లు తలకిందులవుతోంది. అలసినవాడి ఇంటికి వెళ్లి ముందు ప్రసంగం చేస్తాం. టిఫిన్ క్యారియర్ తీసుకెళ్లేవారు తక్కువ.

ఇక పని సంగతి. మాత్ర రోజూ ఒకే వేళకు పడాలి. షిఫ్టులు మారేవారు మూడు షిఫ్టుల్లోనూ మెలకువగా ఉండే గంట ఏదో చూసుకోవాలి. రాత్రి ఎనిమిది చాలామందికి కుదురుతుంది. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకుండా డాక్టరును అడగాలి. ఏ పని చేస్తున్నదీ డాక్టరుకు చెప్పడం మరీ ముఖ్యం. కొన్ని ద్రావకాలు కాలేయానికి హాని చేస్తాయి గనుక మాస్కు, గ్లవ్స్ విషయంలో బద్ధకం పనికిరాదు. ఓవర్‌టైము ఈ కొద్ది వారాలు వదులుకోవచ్చు. ఈఎస్ఐ కార్డు ఉండి చందా షరతులు తీరినవారికి, డాక్టరు ధ్రువీకరిస్తే, అనారోగ్య సెలవు రోజులకు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. జీతంలో ఆ చందా కోత పడుతున్నా ఈ సంగతి తెలియని కార్మికులు మన సంఘాల్లోనే కొందరుంటారు. ఆదివారం ప్రకటనల్లో కూటాల వివరాలతోపాటు ఇదీ ఒకసారి చెబితే తప్పేమీ లేదు.

కష్టమైనా ఒక మాట చెప్పక తప్పదు. స్వస్థత కూటంలో చేతులుంచి ప్రార్థించాక, ఇక మాత్రలెందుకు, అవి అవిశ్వాసానికి గుర్తు అనే బోధ అక్కడక్కడా వినిపిస్తోంది. వైరస్ కనిపించలేదన్న నాలుగో వారం రిపోర్టు చేతిలో ఉన్నవాడికి ఆ బోధ తియ్యగా ఉంటుంది. హిజ్కియా రాజుకు నీవు బాగవుతావు, ఇంకా 15 ఏళ్లు బతుకుతావు అని దేవుడే మాట ఇచ్చాడు. ఆ మాట తెచ్చిన యెషయానే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). వాగ్దానం ఉన్నచోట కూడా ప్రవక్త మందును మానిపించలేదు. మధ్యలో ఆపితే మిగిలిన వైరస్ తిరిగి పెరగవచ్చు, రెండోసారి చికిత్స కష్టం కావచ్చు. పసరు మందు సంగతీ అంతే. మన ఉత్తరాంధ్రలో కామెర్లనగానే పసరు పోయించే అలవాటు పాతది. డాక్టరుకు చెప్పకుండా మాత్రల మీద పసరు తాగడం ప్రమాదం. ఇంకో జాగ్రత్త. ముగింపు ఉన్న ఈ కోర్సు హెపటైటిస్ సికి. హెపటైటిస్ బికి మందులు వాడేవారు చాలామంది ఏళ్ల తరబడి, హెచ్ఐవీ ఉన్నవారు జీవితాంతం వాడాలి. ఒకరి కోర్సు ముగిసిందని విని మరొకరు తమ మందు మానకూడదు.

ఆఖరి మాత్ర మింగిన రోజుతోనూ పని పూర్తి కాదు. 12 వారాలు ఆగి మళ్లీ వైరల్ లోడ్ పరీక్ష చేయించాలి. అప్పుడూ వైరస్ కనిపించకపోతేనే నయమైందని డాక్టర్లు రాస్తారు. ఆ మూడు నెలలు ఒక విచిత్రమైన కాలం. మందు లేదు, రోగం ఉందో లేదో తెలియదు. సరిగ్గా అప్పుడే సంఘం వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమని అడుగుతుంది. చెప్పకపోతే కృతజ్ఞత లేనట్టు, చెప్పి రేపు రిపోర్టు వేరుగా వస్తే దేవుని నామానికి అవమానమన్నట్టు ఆయన నలిగిపోతాడు. సాక్ష్యానికి అంత తొందరేమిటి? నయమయ్యాక కూడా యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ అనే వస్తుంది. అది పాత గుర్తు మాత్రమే. కొత్త కంపెనీలో చేరేటప్పుడు ఆ ఒక్క కాగితం చూసి వెనక్కి పంపేవారుండవచ్చు గనుక, ఆఖరి వైరల్ లోడ్ రిపోర్టు భద్రంగా దాచుకోవాలి.

హజేరోతులో మిర్యాముకు కుష్ఠు వచ్చింది. మోషే ప్రార్థించాడు. అయినా ఏడు రోజులు పాళెం వెలుపల ఉండమన్నాడు దేవుడు. ఆమె తిరిగి వచ్చేదాకా జనం ప్రయాణం సాగించలేదని సంఖ్యాకాండం 12వ అధ్యాయం చెబుతోంది. యుద్ధానికి తగిన పురుషులే ఆరు లక్షల పైచిలుకు లెక్కకు వచ్చిన పాళెమది. అందులో తప్పు మిర్యాముదే. అయినా అందరూ ఆగారు. హెపటైటిస్ సి ఎవరి పాపానికీ శిక్ష కాదు. శుభ్రం చేయని సూది, పరీక్షించని రక్తం, మంగలి కత్తి, పచ్చబొట్టు సూది, ఇలా రక్తం ద్వారా వస్తుంది. కలిసి తింటే రాదు, చేయి కలిపితే రాదు, ప్రభుబల్లలో ఒకే పాత్ర నుంచి తాగినా రాదు. ఆ పాత్ర తన దగ్గరకు వచ్చేసరికి పక్కవారు ముఖం తిప్పుకుంటారేమోనని వెనక బెంచీలో కూర్చుని, పాట మధ్యలోనే లేచి వెళ్లిపోతున్న సహోదరుడు మన సంఘంలోనూ ఉండవచ్చు.

ఆయన 12 వారాల పరీక్ష తేదీ ఎప్పుడో పాస్టరుగారు ఒంటరిగా అడిగి తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా తన డైరీలో రాసుకోవచ్చు. ఆ రోజు ఆస్పత్రి బెంచీ మీద ఆయన పక్కన ఎవరు కూర్చోవాలో ఆయన్నే అడగవచ్చు.