పోలింగ్ అయింది, కోడ్ పోలేదు: తిరుపతి దారిలో నగదు చిక్కు

తమిళనాడులో 2024 ఏప్రిల్ 19న ఓట్లు వేసేశాం. ఇక ఎంత డబ్బయినా సంచిలో పెట్టుకుని బయల్దేరవచ్చని కోయంబత్తూరు, మదురై మనవాళ్లలో చాలామంది అప్పుడు అనుకున్నారు. కానీ జూన్ 4న లెక్కింపు ముగిసేదాకా ఎన్నికల కోడ్ దేశమంతటా అమల్లోనే ఉంది. పైగా ఆంధ్రాలో పోలింగ్ మే 13న జరిగింది. వేలూరు, కాట్పాడి దాటి చిత్తూరు వైపు తిరిగిన బండి తనిఖీలకు ఎదురు వెళ్లినట్టే అయ్యేది.

వేసవి సెలవుల్లో మన తిరుపతి ప్రయాణం ఎలా ఉంటుందో తెలిసిందే. వ్యాన్ మాట్లాడుకుని ఇరవై మంది బంధువులు తలా ఐదు వేలు ఓ పెద్దాయన చేతిలో పెడతారు. డీజిలు, గదులు, భోజనాలు అన్నీ ఆయనే చూసుకుంటారు. దానికి తోడు పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. లక్ష దాటిన ఆ సంచికి బ్యాంకు చీటీ ఉండదు. ముడుపుకు రసీదు ఎవరిస్తారు?

రూ.50,000 మించి నగదు తీసుకెళ్లడమే నేరమన్న మాట మన దగ్గర స్థిరపడిపోయింది. ఎన్నికల సంఘం 2015 మే 29న ఇచ్చిన ఉత్తర్వు అలా అనదు. అభ్యర్థో, ఏజెంటో, పార్టీ కార్యకర్తో ఉన్న బండిలో అంతకు మించి దొరికితే స్వాధీనం చేసుకోవాలంటుంది. రోడ్డు మీద ఈ తేడా నిలవలేదు. 2024 ఏప్రిల్‌లో ఊటీ చూడటానికి పంజాబ్ నుంచి వచ్చిన కుటుంబం దగ్గర రూ.69,400 పట్టుకున్నారు. ఆ ఇల్లాలు ఏడ్చిన వీడియో దేశమంతా తిరిగింది. ఆమె ఏ పార్టీకి డబ్బు పంచడానికి వచ్చినట్టు?

పట్టుకున్నా డబ్బు పోయినట్టు కాదు. ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. కేసు లేకపోతే, పార్టీతో సంబంధం లేదని తేలితే, విడుదల చేయాల్సింది ఆ కమిటీయే. కేసు లేని డబ్బును పోలింగ్ అయ్యాక ఏడు రోజులకు మించి ఉంచుకోకూడదు. రూ.10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకు కబురు వెళుతుంది. మహిళా అధికారి లేకుండా ఆడవాళ్ల పర్సు వెతకకూడదు కూడా.

ఎవరికి అప్పీలు చేసుకోవాలో స్వాధీన పత్రంలోనే రాసివ్వాలి. అసలు చిక్కు ఇక్కడే. చిత్తూరులో ఆ కాగితం తెలుగులో ఇస్తే మన వ్యాన్‌లో చదివేవాళ్లు ఎందరు? ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదువు మాత్రం తమిళంలో. 2006 చట్టం తర్వాత బడికి వెళ్లిన పిల్లల్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు మరీ తక్కువ. కాగితం చేతిలోనే ఉంటుంది, గడువు దాటిపోతుంది.

కాబట్టి ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు పెద్దాయన సంచి పద్ధతి మానేద్దాం. ఎవరి డబ్బు వాళ్ల దగ్గరే, బ్యాంకులో తీసిన చీటీతో సహా ఉంచుకోవాలి. గదులకు, డీజిలుకు ఫోన్‌లోనే కట్టవచ్చు. మిగతాది తిరుపతి ఏటీఎంలో తీసుకోవచ్చు. తెలుగు చదవగల ఒక్కరైనా బండిలో ఉండేలా చూసుకోండి. ముడుపు తీసుకెళ్లేవాళ్లు అందులో ఎంత ఉందో ముందే లెక్కపెట్టుకోండి. తనిఖీలో అడిగే మొదటి ప్రశ్న అదే.