జనం మెచ్చాక జ్యూరీ ఏం చేయాలి?

సినిమా అవార్డుల జాబితా వచ్చిన రోజున మన వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు వినిపిస్తాయి. అభిమాన హీరోకు వస్తే 'ఇన్నాళ్లకు న్యాయం జరిగింది', రాకపోతే 'అంతా లాబీయింగ్'. రియాద్‌కు దక్షిణాన, పాల డెయిరీలూ పొలాలూ ఉన్న మా అల్ ఖర్జ్‌లోనూ అంతే. ఈ గోలలో అసలు ప్రశ్న ఎవరూ అడగరు. లక్షల మంది టికెట్ కొని గెలిపించిన సినిమాను మళ్లీ పదిమంది తలుపులు మూసుకుని కూర్చుని గౌరవించడం దేనికి? ఏ కొలతతో?

ఆ గౌరవం అక్కర్లేదని నేను అనను. కొలత ఏమిటో ముందే చెప్పాలని, ఎంపికకు కారణం రాసి ఇవ్వాలని మాత్రం గట్టిగా అంటాను.

జాతీయ చలనచిత్ర అవార్డులు 1954లో మొదలయ్యాయి. ఆరోగ్యకరమైన వినోదం అందించిన ప్రజాదరణ చిత్రానికి విడిగా పురస్కారం ఇవ్వడం 1975 సినిమాలతో వచ్చింది. అందులో ఒక మంచి ఆలోచన ఉంది. పండితులు మెచ్చిన సినిమా జనం చూడరు, జనం చూసిన సినిమా పండితులు మెచ్చరు అనే గోడను కాస్త పగలగొట్టాలన్నదే ఆ ఆలోచన. దానికి మన తెలుగువాళ్లే గొప్ప ఉదాహరణ ఇచ్చారు. 1980లో విడుదలైన 'శంకరాభరణం'లో పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు. జె.వి.సోమయాజులు నడివయసు దాటిన సంగీత విద్వాంసుడిగా కనిపిస్తారు. చూసినవాళ్లు చెప్పగా విని ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చాయి. ఈ విభాగంలో స్వర్ణ కమలం దానికే దక్కింది. ఆ ఏడాది సంగీతంలో కె.వి.మహదేవన్‌కు, పాటల్లో బాలుకు, వాణీ జయరాంకు కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. జనం తీర్పు, జ్యూరీ తీర్పు కలిశాయంటే అదీ.

ఇటీవలి కాలానికి వద్దాం. 2016 నుంచి 2021 వరకు ఆరేళ్లలో ఈ విభాగం నాలుగుసార్లు తెలుగు సినిమాకే వచ్చింది. 'శతమానం భవతి', 'బాహుబలి 2', 'మహర్షి', 'ఆర్‌ఆర్‌ఆర్'. గర్వించాల్సిందే. అయితే ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి విదేశాల్లోని పిల్లల కోసం ఎదురుచూసే పల్లెటూరి తల్లిదండ్రుల కథ. ఇంకోటి దేశమంతా ఊగిపోయిన రాజుల యుద్ధం. కొలత వసూళ్లా? అలాగైతే 'శతమానం భవతి' కంటే ఎన్నో రెట్లు వసూలు చేసిన 'దంగల్' కూడా 2016 లెక్కలోనిదే. సకుటుంబంగా చూడదగ్గ గుణమా? అలాగైతే యుద్ధ సన్నివేశాల సినిమాలు ఆ మాటకు ఎలా సరిపోయాయో ఎవరైనా వివరించాలి.

ఇంకో చిక్కు ఉంది. జాతీయ అవార్డులకు సంవత్సరం లెక్క విడుదల తేదీని బట్టి కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీని బట్టి. 'శతమానం భవతి' 2017 సంక్రాంతికి విడుదలై 2016 అవార్డు తీసుకుంది. 'ఆర్‌ఆర్‌ఆర్' 2022 మార్చి 25న విడుదలై 2021 అవార్డు అందుకుంది. నటనకో, ఛాయాగ్రహణానికో ఈ లెక్క సరిపోతుంది. ప్రజాదరణకు ఎలా సరిపోతుంది? ప్రజలెవరూ చూడని ఏడాదికి ప్రజాదరణ ఎక్కడిది? జ్యూరీ కూర్చునేసరికి సినిమా వచ్చేసింది కాబట్టి ఇబ్బంది లేకపోయింది, అంతే. నిబంధన రాసినప్పుడు ప్రేక్షకుడిని ఎవరూ తలచుకోలేదని మాత్రం దీంతో తెలిసిపోతుంది.

ఎంపిక రెండంచెల్లో జరుగుతుంది. ముందు ప్రాంతీయ కమిటీలు వడపోస్తాయి, తర్వాత కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. గెలిచిన సినిమాకు రెండు వాక్యాల ప్రశంస రాస్తారు. చివరిదాకా పోటీలో నిలిచినవి ఏవో, ఎందుకు వెనకబడ్డాయో చెప్పరు.

మన రాష్ట్రాల సంగతి ఇంతకంటే మెరుగేమీ కాదు. 1964లో మొదలైన నంది అవార్డులు ఒకప్పుడు ఇంటింటి చర్చ. చివరికి 2014, 2015, 2016 సంవత్సరాలవి ఒకేసారి 2017 నవంబరులో ప్రకటించారు. పెద్ద రగడ జరిగింది. ఆ తర్వాతి సంవత్సరాల నంది మళ్లీ కనిపించలేదు. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరిట అవార్డులు మొదలుపెట్టి, వెనకటి పదేళ్ల సినిమాలకూ కలిపి ఇచ్చింది. అందులో 2015 జాబితా చూడండి. జాతీయ జ్యూరీకి, నంది జ్యూరీకి ఆ ఏటి ఉత్తమ చిత్రం 'బాహుబలి'. గద్దర్ జ్యూరీకి 'రుద్రమదేవి', 'కంచె', 'శ్రీమంతుడు'. మొదటి మూడింటిలో 'బాహుబలి' లేదు. తప్పంటున్నానా? కాదు. అభిరుచులు వేరుగా ఉండవచ్చు. కారణం రాసి ఉంటే అది అభిరుచి అనుకుంటాం, రాయకపోతే అనుమానం అనుకుంటాం.

2024 సినిమాల్లోనైతే పేర్లే తారుమారైనట్టు కనిపిస్తుంది. మొదటి ఉత్తమ చిత్రం భారీ సినిమా 'కల్కి 2898 ఏడీ'. ఆరోగ్యకరమైన వినోదం అందించిన ప్రజాదరణ విభాగం చిన్న సినిమా 'ఆయ్'కి వెళ్లింది. 'ఆయ్' సరదా సినిమా, దానికి గుర్తింపు వస్తే నాకు సంతోషమే. కాని జనం పోటెత్తిన సినిమా ఉత్తమ చిత్రమై, చిన్న సినిమా ప్రజాదరణ చిత్రమైతే ఆ రెండు మాటలకు అర్థం ఏమిటో జ్యూరీయే చెప్పాలి.

జ్యూరీలు వద్దు, ఓటింగ్ పెట్టండి అంటారు కొందరు. గల్ఫ్‌లో మనకది అలవాటైన పద్ధతే. దుబాయ్‌లో జరిగే సైమా వేడుకకు ఆన్‌లైన్ ఓట్లు వేస్తాం. రియాద్‌లో జాయ్ అవార్డులకు ఇక్కడి ప్రేక్షకులు యాప్‌లో ఓటేస్తారు. ఓటు వేడుకకు బాగుంటుంది కాని, సినిమాను తూచదు. ఎక్కువ ఫోన్లు, ఎక్కువ ఓపిక ఉన్న అభిమాన సంఘాన్ని తూస్తుంది. ఆస్కార్ సంస్థ 2018 ఆగస్టులో ప్రజాదరణ విభాగం ప్రకటించి, విమర్శలు వచ్చాక నెల తిరిగేలోగా పక్కన పెట్టింది. 2022లో ట్విట్టర్ ఓటింగ్ పెడితే గెలిచింది 'ఆర్మీ ఆఫ్ ద డెడ్'. గోల్డెన్ గ్లోబ్ వాళ్లు వసూళ్లనే అర్హతగా పెట్టారు. 15 కోట్ల డాలర్లు దాటాలన్నారు. 2024లో మొదటిసారి 'బార్బీ'కి ఇచ్చారు. ఒప్పినా ఒప్పకపోయినా, ఆ గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. మన దగ్గర లేనిది ఆ గీతే.

ఇదంతా ఎడారిలో బతుకుతున్న మనకెందుకు అంటారా? మనకే ఎక్కువ కావాలి. పెద్ద సినిమా ఎలాగైనా మన దాకా వస్తుంది. శుక్రవారం సెలవు చూసుకుని, కారులో నలుగురం సర్దుకుని రియాద్ వెళ్లి చూసి వస్తాం. చిన్న సినిమాకు ఆ దారి లేదు. 'బలగం', 'మల్లేశం' లాంటివి చాలామంది చూసింది ఫోన్‌లోనే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు, తండ్రి అంత్యక్రియలకు వెళ్లలేకపోయినవాడు, 'బలగం' రెండుసార్లు చూసి మూడోసారి చూడలేనన్నాడు. అలాంటి సినిమా ఒకటుందని చెప్పే పని అవార్డు చేయాలి. బ్లాక్‌బస్టర్‌కు అవార్డు అలంకారం. చిన్న సినిమాకు అదే విలాసం.

ఒక మలయాళ సినిమా ఉంది, పేరు 'ఆడుజీవితం'. సౌదీ ఎడారిలో మేకల కాపరిగా చిక్కుకుపోయిన మనిషి కథ. మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లకూ అపరిచితం కాని కథ. కేరళ రాష్ట్ర అవార్డుల్లో దానికి ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడితో పాటు ప్రజాదరణ, కళావిలువ కలిసిన చిత్రంగా కూడా పురస్కారం వచ్చింది. 2025 ఆగస్టు 1న ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఒక్కటీ రాలేదు. ఎందుకో జ్యూరీ రాసి ఇస్తే ఒప్పుకునేవాళ్లం, లేదా వాదించేవాళ్లం.

కాబట్టి నేను అడిగేవి మూడు. ప్రజాదరణ విభాగానికి విడుదల తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. ప్రజాదరణ అంటే వసూళ్లా, ఎన్నాళ్లు ఆడిందా, కుటుంబాలు చూశాయా అన్నది నిబంధనల్లోనే రాయాలి. చివరి వడపోతలో నిలిచిన ఐదు సినిమాల పేర్లు, గెలిచినదానికి ఒక పేజీ కారణం ప్రకటించాలి. ఖర్చు లేని పనులివి. రెండు తెలుగు ప్రభుత్వాలూ కావాలంటే వచ్చే ఏడాదే మొదలుపెట్టగలవు.

జనం తమ తీర్పు టికెట్ మీద రాస్తారు. జ్యూరీ తన తీర్పు కాగితం మీద రాయాలి.