హక్కుంది.. అడిగే దారేదీ?

జీతం పడిన వారం ఏ ఎక్స్ఛేంజ్ ముందు చూసినా మనవాళ్ల లైనే. రూపాయి రేటు చూసుకుని, పంపాల్సింది పంపి, రసీదు జేబులో పెట్టుకుంటే ఆ నెలకు కొడుకుగా మన బాధ్యత తీరిందని ధీమా. ఆ డబ్బుతో అమ్మానాన్నలు వేళకు తింటున్నారా, మందులు వేసుకుంటున్నారా అన్నది మాత్రం మనకు కనపడదు. ఫోన్లో చెప్పిందే నమ్మాలి.

మా క్యాంపులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన ఉన్నారు. పదహారేళ్లుగా గల్ఫ్‌లోనే ఉన్నారు. తండ్రి పోయాక, తల్లి తన పేరున ఉన్న ఇంటిని ఊళ్లో ఉండే చిన్న కొడుకుకు గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. దగ్గరుండి చూసుకునేది వాడే కదా అని ఈయనా సరేనన్నారు. ఏడాది తిరక్కుండానే ఆమె మంచం పశువుల కొట్టంలోకి మారింది. ప్రతి వారం మాట్లాడుతున్నా ఈయనకు ఆ సంగతి తెలియలేదు. ఫోను తమ్ముడిది, స్పీకరు ఆన్‌లో ఉంటుంది, పక్కనే కోడలు నిలబడి ఉంటుంది. 'మంచిగనే ఉన్న బిడ్డా' తప్ప ఆ తల్లి ఇంకేం చెబుతుంది? చివరికి పక్కింటి పిల్లాడు తీసి పంపిన ఒక ఫొటో వల్ల విషయం బయటపడింది.

ఆ రాత్రి రూములో ఎనిమిది మందిమి కూర్చున్నాం. 'ఇక్కణ్నుంచి మనమేం చేస్తం' అన్నారు అందరూ. ఇలాంటి తల్లుల కోసమే ఒక చట్టం ఉందని ఆ ఎనిమిది మందిలో ఒక్కరికీ తెలియదు. ఆ ఎనిమిది మందిలో నేనూ ఉన్నాను.

ఆ చట్టం 2007లోనే వచ్చింది. దాని పేరు తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. సొంత సంపాదనతో గానీ ఆస్తితో గానీ బతకలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. కొడుకులకే కాదు, కూతుళ్లకూ, మేజర్లయిన మనవలకూ, మనవరాళ్లకూ బాధ్యత ఉంది. పిల్లలు లేని వృద్ధులైతే, వారి ఆస్తి ఎవరికి చెందుతుందో ఆ బంధువులు చూడాలి. పోషణ అంటే తిండి ఒక్కటే కాదు. బట్ట, నీడ, వైద్యం కూడా అందులోకే వస్తాయి.

దీనికోసం కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు, వకీలును పెట్టుకోనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీవో ముందు దరఖాస్తు పెడితే చాలు. ముందుగా రాజీకి ప్రయత్నించే అధికారి ఇరుపక్షాలనూ పిలిచి మాట్లాడతారు. అక్కడ కుదరకపోతే విచారణ జరుగుతుంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. ఆదేశించిన సొమ్ము కట్టకపోతే నెల వరకు జైలు. వృద్ధులను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల వరకు జైలు గానీ, 5 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి.

మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటి ఈ చట్టం మొదటి సెక్షన్లోనే ఉంది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఇది వర్తిస్తుంది. విదేశంలో ఉన్నవారికి సమన్లు ఎలా అందించాలో కూడా చట్టంలో రాశారు. దుబాయిలో ఉన్నా దోహాలో ఉన్నా, ఊళ్లో తల్లిని గాలికి వదిలేసిన కొడుకు తప్పించుకోవడానికి లేదు. మన మధ్య అలాంటివారు లేరని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పలేం.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ చట్టం పుస్తకంలో ఉన్నంత పటిష్టంగా ఊళ్లో లేదు. సైట్లో స్కాఫోల్డింగ్ కట్టగానే సరిపోదు. తనిఖీ చేసి గ్రీన్ ట్యాగ్ తగిలించందే మనిషిని పైకి ఎక్కనివ్వం, ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ చూసుకుంటూనే ఉంటాం. ఈ చట్టానికి అలా చూసేవారు కరువయ్యారు.

నెలకు ఇప్పించే పోషణ 10 వేల రూపాయలు దాటకూడదని 2007లో గీత గీశారు. ఆనాటి 10 వేలకూ ఈనాటి 10 వేలకూ పోలికే లేదు. ఆ పరిమితి తీసేసి, కోడళ్లను, అల్లుళ్లను కూడా బాధ్యుల్లో చేర్చే సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. ప్రతి పోలీస్ స్టేషన్లో వృద్ధుల కోసం ఒక అధికారి ఉండాలని అందులో ఉంది. ఆ బిల్లు ఆమోదం పొందకుండానే 2024లో లోక్‌సభతో పాటు రద్దయిపోయింది. ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా ప్రతి స్టేషన్లో ఉండాలని, నెలకోసారైనా వెళ్లి పలకరించాలని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు చెబుతున్నాయి. మీ ఊళ్లో ఎవరైనా అలా వచ్చి పలకరించారా అని ఈసారి ఫోన్లో అడగండి.

పింఛన్ల సంగతి చూడండి. 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. 80 దాటితే 500. ఇక్కడ మన ఒక పూట ఖర్చుకు కూడా ఆ 200 చాలదు. మిగతాది రాష్ట్రాల భుజాల మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో 4 వేలు చేశారు. తెలంగాణలో 2019లో 2,016 చేశారు. 4 వేలు ఇస్తామని 2023 ఎన్నికల్లో మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని అడిగే హక్కు ఓటున్న ప్రతి వృద్ధుడికీ ఉంది.

వైద్యం విషయంలో ఒక మంచి మార్పు వచ్చింది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే పథకాన్ని 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. కొడుకు గల్ఫ్‌లో సంపాదిస్తున్నాడు కదా అని దీన్ని కాదనడానికి లేదు. కార్డు కోసం ఆధార్‌తో నమోదు చేయించాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న తల్లిని ఎవరు తీసుకెళతారు? పథకాలన్నీ ఇక్కడే ఆగిపోతున్నాయి. 'పైసలైతే వస్తున్నయ్ గని దవాఖానకు తోల్కపోయేటోడే లేడు' అని ఎంతమంది తల్లులు అనడం లేదు?

కాబట్టి ప్రభుత్వాలను మనం అడగాల్సినవి ఉన్నాయి. వృద్ధులు తామే రాలేకపోతే వారు అధికారమిచ్చిన మనిషి దరఖాస్తు పెట్టవచ్చని, తనకు తెలిస్తే ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టవచ్చని చట్టంలో ఉంది. అలాంటప్పుడు విదేశంలో ఉన్న కొడుకో కూతురో ఈమెయిల్లో పంపిన ఫిర్యాదునూ ఆర్డీవో కార్యాలయం లెక్కలోకి తీసుకోవాలి. వీడియోలో మన మాట వినాలి. భూసేకరణ, ఎన్నికలు, ప్రొటోకాల్ పనుల నడుమ ఈ దరఖాస్తులు కిందపడిపోకుండా వారంలో ఒక రోజు వీటికే కేటాయించాలి. పిల్లలు విదేశాల్లో ఉన్న వృద్ధుల జాబితా ఒకటి ప్రతి గ్రామంలో తయారుచేయాలి. గల్ఫ్‌కు వెళ్లినవారు లేని వాడ అంటూ లేని జిల్లాలు మనవి. అక్కడ ఈ పని ఎప్పుడో జరిగి ఉండాల్సింది.

మనం చేయాల్సినవీ ఉన్నాయి. అన్నిటికంటే ముందు రిజిస్ట్రేషన్ దగ్గర జాగ్రత్త. చూసుకుంటాననే షరతు మీద ఆస్తి తీసుకుని, తర్వాత చూడకపోతే ఆ బదిలీని రద్దు చేసే వీలు ఈ చట్టం 23వ సెక్షన్లో ఉంది. కానీ ఆ షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో 2025 జనవరి 2న అదే సుప్రీంకోర్టు గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసి ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగించమంది. అక్కడ కొడుకు ఆమెను చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. కనుక అమ్మానాన్నలు ఎవరికి ఆస్తి రాసినా, బతికున్నంతకాలం పోషించాలన్న మాట దస్తావేజులోనే రాయించండి. మన పేరున రాసినా సరే, రాయించండి.

రెండోది, అమ్మ చేతిలో ఆమెదే అయిన ఫోను ఒకటి ఉండాలి. ఆమె ఒంటరిగా ఉన్న వేళ చూసి మాట్లాడండి. మూడోది, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరును ఆ ఫోన్లోనూ, పక్కింటివాళ్ల ఫోన్లోనూ వేయించండి.

మా క్యాంపు మిత్రుడి తల్లి తరఫున పక్క ఊళ్లో ఉన్న కూతురు దరఖాస్తు పెట్టింది. గిఫ్ట్ డీడ్‌లో షరతు రాయించలేదు. అందుకని ఇల్లు తిరిగి వస్తుందన్న ఆశ లేకుండానే వెళ్లారు. అయినా రాజీ దగ్గరే తమ్ముడు దిగివచ్చాడు. ముందు గది ఆమెకు ఇచ్చాడు, మందుల ఖర్చు పెట్టుకుంటానని సంతకం చేశాడు. మేమంతా సంతోషపడ్డాం. ఆమె మాత్రం, 'కన్నకొడుకు మీద కాయితం పెట్టిస్తిరి గదరా' అని ఫోన్లో ఏడ్చిందట. ఆ మాట అన్నప్పుడు ఫోను ఆమె చేతిలోనే ఉంది. ఆమె ముందు గదిలోనే కూర్చుని ఉంది.

కొడుకు పరువు పోతుందని తల్లులు నోరు విప్పరు. వారు అడగలేరు కాబట్టి, ఎంత దూరంలో ఉన్నా అడగాల్సింది మనమే. ఈ వారం రసీదు జేబులో పెట్టుకున్నాక ఇంకొక్క ఫోను చేయండి.