పండిన గొంతును విందాం! పాటను పైలంగా దాచుకుందాం!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పాటల ప్రేమికులారా! విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, కళాకారులారా!

మన ప్రాంతంలో సభ అంటే ముందు పాట. డప్పు మోగి, పాటగాడు గొంతెత్తితే గాని జనం కుదురుగా కూర్చోరు. అంత ప్రేమ ఉన్న మనం, జుట్టు నెరిసిన పాటగాడు వేదిక ఎక్కితే ఏం అడుగుతున్నాం? ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఆయన పాడిన పాటనే మళ్ళీ అడుగుతున్నాం. "కొత్తది ఒకటి కట్టిన, వినండి" అని ఆయన అంటే, "అది తర్వాత, ముందు పాతది పాడన్నా" అని వెనక నుంచి కేకలు వేస్తున్నాం. ఆయన పాతదే పాడి దిగిపోతాడు. కొత్త పాట జేబులోని కాగితం మీదే ఉండిపోతుంది.

ఈ కరపత్రం కోరేది ఒకటే. మన పెద్ద పాటగాళ్ళు నడివయసు దాటాక కట్టిన, పాడిన పాటలను శ్రద్ధగా విందాం. వాటిని చెడిపోకుండా దాచే ఏర్పాటు మూడు పట్టణాల గ్రంథాలయాల్లో చేయించుకుందాం.

మనం వినని గద్దర్

ముందు గద్దర్ సంగతే చూద్దాం. 1949లో తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, జననాట్యమండలి గద్దర్‌గా మనకు తెలుసు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. 'మా భూమి' సినిమాలో బండి యాదగిరి పాటకు ఆయన గొంతు ఇచ్చాడు. సాయుధ పోరాట కాలంలో పుట్టిన ఆ పాట మన సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు నడిచిన దారిదే. ఈనాటికీ మన ఊళ్ళలో గద్దర్ అంటే గుర్తుకొచ్చేది ఆ వయసు, ఆ ఊపు.

ఆయన కథ అక్కడ ఆగలేదు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆ శరీరంతోనే, అరవై దాటిన వయసులో, 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' సినిమాకు పాట రాసి తానే పాడాడు. 'మా భూమి' పాటనూ ఈ పాటనూ ఒకదాని వెంట ఒకటి పెట్టి వినండి. మొదటిదాంట్లో గొంతు పరుగెత్తుతుంది, కోరస్ వెంటపడుతుంది. రెండోదాంట్లో ఆయన నింపాదిగా ఎత్తుకుంటాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట మీద ఎంతసేపు నిలబడాలో తెలిసిన గొంతు అది. కొద్దిగా జీర పడింది. ఆ జీరలోనే ఓ బరువు ఉంది. పాతికేళ్ళ గద్దర్ ఎంత బలంగా పాడినా ఆ బరువు ఆయన గొంతులోకి వచ్చేది కాదు.

తుపాకీ మాట ఎత్తిన పాటగాడు చివరి ఏళ్ళలో రాజ్యాంగం మాట, ఓటు మాట ఎత్తుకున్నాడు. 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. కొందరు దాన్ని లొంగుబాటు అన్నారు, కొందరు ఎదుగుదల అన్నారు. ఏది నిజమో తేల్చుకోవాలంటే ఆ కాలపు పాటలు ముందు వినాలి. వినకుండానే రెండు పక్షాలవాళ్ళూ తీర్పు చెప్పేశారు. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూస్తే మనం ఊరూరా సంతాప సభలు పెట్టి, మళ్ళీ ఆ పాత పాటలే వేసుకున్నాం. రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది. పేరు పెట్టడం గౌరవమే. ఆయన పాడినదంతా వినడం అంతకన్నా పెద్ద గౌరవం.

గోరటి వెంకన్న విషయమూ అంతే. 'కుబుసం' సినిమాలో పల్లె కన్నీటి పాట చాలామందికి నోటికి వచ్చు. ఆ తర్వాత ఆయన వాగుల వెంట, చెట్ల వెంట, పిట్టల వెంట నడిచాడు. తత్వాల బాట పట్టాడు. 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన పట్టణాల్లో ఎంతమంది ఆ పుస్తకంలోని పాట ఒక్కటైనా పాడగలరు? అందెశ్రీ రాసిన గీతం 2024లో రాష్ట్ర గీతమైంది. 2025 నవంబరులో ఆయన వెళ్ళిపోయాడు. బడిలో పిల్లలు ఆ గీతం పాడుతున్నారు, మంచిదే. కానీ ఒక్క గీతంతో, ఒక్క సినిమా పాటతో ఆ మనుషులను సరిపెట్టేస్తే మనమే నష్టపోతాం.

బయటి లోకం ఏం చేసింది?

అమెరికాలో బాబ్ డిలన్ అనే పాటగాడు ఉన్నాడు. 1960ల్లో యువతరాన్ని ఊపేసినవాడు. నలభై దాటాక ఇక అయిపోయాడని చాలామంది అనుకున్నారు. 1997లో, 56వ ఏట, 'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్' అనే ఆల్బమ్ తెచ్చాడు. అరిగిపోయిన గొంతుతో చావును, ఒంటరితనాన్ని పాడాడు. ఆ ఏటి ఆల్బమ్‌గా గ్రామీ దానికే దక్కింది. 2016లో నోబెల్ సాహిత్య బహుమతి వచ్చింది. 2020లో, 79వ ఏట, ఇంకో కొత్త ఆల్బమ్ తెచ్చాడు. దాంట్లో ఒక పాట దాదాపు 17 నిమిషాలు నడుస్తుంది. జానీ క్యాష్ అనే ఇంకో పాటగాణ్ణి 1980ల్లో సొంత రికార్డు కంపెనీయే వదిలేసింది. 1994లో రిక్ రూబిన్ అనే నిర్మాత ఆయన చేతికి గిటారు ఒక్కటే ఇచ్చి, హంగులేమీ లేకుండా పాడించాడు. ఇవాళ కుర్రవాళ్ళు క్యాష్‌ను వినడం మొదలుపెట్టేది ఎక్కువగా ఆ ముసలి గొంతుతోనే. డేవిడ్ బోవీ అనే పాటగాడు తన 69వ పుట్టినరోజు నాడు, 2016 జనవరి 8న, చివరి ఆల్బమ్ విడుదల చేసి, రెండు రోజులకు కన్నుమూశాడు.

వాళ్ళు మనకన్నా గొప్పవాళ్ళని చెప్పడానికి ఈ పేర్లు తేలేదు. అక్కడ పెద్ద పాటగాడికి కొత్త పాట పాడే అవకాశం ఇచ్చినవాళ్ళు ఉన్నారు, దాన్ని ఓపికగా విన్నవాళ్ళు ఉన్నారు, దాచినవాళ్ళూ ఉన్నారు. ఓక్లహామా రాష్ట్రంలో టల్సా అనే ఊరుంది. కరవుకు చితికిన రైతుల పాటలు కట్టిన వుడీ గుత్రీ ఆ రాష్ట్రంలోనే పుట్టాడు. 2013లో టల్సాలో ఆయన పేర ఒక కేంద్రం తెరిచారు. గుత్రీని గురువుగా భావించిన డిలన్ పుట్టింది ఎక్కడో మిన్నెసోటాలో. అయినా ఆయన చేతిరాతలు, టేపులు టల్సాకే చేరాయి. వాటి కోసం 2022లో అక్కడే ఇంకో కేంద్రం తెరుచుకుంది. మనకు సుద్దాల హనుమంతు ఉన్నాడు. గొల్లసుద్దులను పోరాట పాటగా మలిచినవాడు. ఆయన పుట్టిన ఉమ్మడి నల్లగొండ గడ్డ మీద అలాంటి ఒక్క గది అయినా ఉండొద్దా?

ఇది గ్రంథాలయాల గడ్డ

గ్రంథాలయం మనకు కొత్త కాదు. నిజాం కాలంలో, తెలుగు చదువుకే దిక్కులేని రోజుల్లో, 1928లోనే సూర్యాపేటలో గ్రంథాలయ సభ జరిపిన పెద్దలు మనవాళ్ళు. 1941లో కోదాడకు దగ్గరలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. చదువు రాని జనానికి ఆ మహాసభ రాజకీయాన్ని చేర్చింది బుర్రకథ, గొల్లసుద్దులు, పాట. పుస్తకాన్ని దాచుకోవడం నేర్చుకున్న ఊళ్ళు పాటను దాచుకోవడమూ నేర్చుకోవాలి.

ఎందుకింత తొందర అంటారా? మీ ఇంట్లో అటక మీద ఉన్న క్యాసెట్ల డబ్బా ఒకసారి దించి చూడండి. అద్దాల్లోంచి టేపు చుట్ట అంచు కనబడుతుంది. అక్కడ తెల్లగా పొడిలాగా ఉందా? అది బూజు. టేపును హెడ్‌కు అదిమి పట్టే చిన్న మెత్త ఒకటి కింది అంచున మధ్యలో ఉంటుంది. దాని జిగురు ఎండి మెత్త ఊడిందా? అయితే ఆ క్యాసెట్ వేస్తే పాట లోతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇవి బాగుచేయగలిగిన జబ్బులే. ఇంకో పదేళ్ళు అలాగే వదిలేస్తే బాగుచేయడానికి ఏమీ మిగలదు. పైగా సభల్లో ఎవరో టేప్‌రికార్డర్‌తో పట్టిన పాటలకు ఆ ఒక్క ప్రతే దిక్కు. అది పోతే పాట పోయినట్టే.

డిజిటల్ చేయడం బ్రహ్మవిద్య కాదు. బూజు పట్టనివాటిని ముందు తీసుకోవాలి, బూజువి విడిగా ఉంచి శుభ్రం చేయించాలి. పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్ పై అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయాలి. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడవాలి. టేపును ఒకసారి ఆ చివరి దాకా, ఈ చివరి దాకా తిప్పితే బిగుసుకున్న చుట్ట వదులవుతుంది. తర్వాత ప్లేయర్ నుంచి వైరు కంప్యూటర్‌కు కలిపి రికార్డు చేయాలి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, అడ్డదారి లేదు. భద్రపరిచే ప్రతిని 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఉంచాలి. గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. అంటే 1 టీబీ డిస్కులో 900 క్యాసెట్లకు పైగా పడతాయి. వినడానికి ఎంపీ3 ప్రతి వేరే తీసుకోవచ్చు. ప్రతి ఫైలుకూ పాట పేరు, రాసినవారు, పాడినవారు, ఏడు, ఊరు, క్యాసెట్ ఇచ్చినవారు రాసి పెట్టాలి. ఈ రాతపనే అసలు పని. అది లేకపోతే ఎవరి పాట ఎవరి పేరుతోనైనా చెలామణి అవుతుంది.

మేం కోరుతున్నది

1. సూర్యాపేట, కోదాడ గ్రంథాలయాలు సూర్యాపేట జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉన్నాయి, మిర్యాలగూడ గ్రంథాలయం నల్లగొండ జిల్లా సంస్థ కింద ఉంది. రెండు సంస్థలూ మూడు చోట్లా ఒక్కొక్క 'పాటల గది' తెరవాలి. ఒక క్యాసెట్ ప్లేయర్, ఒక కంప్యూటర్, రెండు డిస్కులు, నాలుగు హెడ్‌ఫోన్లు చాలు.

2. ఒక్కో డిస్కు ప్రతి ఒక్కో పట్టణంలో ఉండాలి. ఒకచోట చెడిపోయినా ఇంకోచోట మిగులుతుంది.

3. నెలకు ఒక ఆదివారం పాటల బైఠక్ పెట్టాలి. ఒక పాటగాడి తొలినాళ్ళ పాట ఒకటి, మలినాళ్ళ పాట ఒకటి వేయాలి. విన్నవాళ్ళు మాట్లాడాలి. ఉపన్యాసాలు, శాలువాలు వద్దు. చివరి అరగంట మన పట్టణంలోని పాటగాళ్ళు తమ కొత్త పాటలు పాడాలి.

4. రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వచ్చే కళాకారుల పాటలను, వాళ్ళ అనుమతితో, వాళ్ళకు తగిన పారితోషికం ఇచ్చి రికార్డు చేయాలి.

5. సభలు పెట్టే సంఘాలు, పార్టీలు పెద్ద పాటగాళ్ళను పిలిచినప్పుడు కనీసం ఒక కొత్త పాటకు సమయం కేటాయించాలి.

అడ్డు చెప్పేవారికి

"డబ్బెక్కడిది?" అంటారు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. అది మున్సిపాలిటీల నుంచి గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరితే ఈ గదుల ఖర్చు దానిముందు ఎంత?

"కాపీరైటు ఒప్పుకోదు" అంటారు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో దాచుకోవచ్చని 2012లో సవరించిన చట్టం 52వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అందుకే మీ ఇంటి క్యాసెట్‌ను గ్రంథాలయానికే ఇచ్చేయమని కోరుతున్నాం. నెట్‌లో పెట్టాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి తీసుకోవాల్సిందే. మన కళాకారుల శ్రమను మనమే దోచుకోకూడదు.

"అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా" అంటారు. లేవు. ఉన్నవాటిలో చాలావాటికి రాసినవారి పేరుండదు, ఏడుండదు. పెట్టినవారు తీసేస్తే అడిగే దిక్కుండదు.

"ముసలి గొంతులో ఏముంటుంది?" అంటారు. దెబ్బలు తిన్న మనిషి, దారులు మార్చుకున్న మనిషి, తోటివాళ్ళను పోగొట్టుకున్న మనిషి ఏం తెలుసుకున్నాడో అది ఉంటుంది. పోరు నడిచిన ఊళ్ళకు పోరు తర్వాతి మాట కూడా కావాలి. కోదాడ కాలేజీల్లో డిలన్‌నో, ఇంకో రాక్ బ్యాండ్‌నో వినే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నారు. వాళ్ళు వాళ్ళ పాటలు తెచ్చి ఈ బైఠక్‌లో వినిపించాలి, మన పెద్దల పాటలు విని పోవాలి.

ఇక మీ వంతు. అటక మీది క్యాసెట్లు దించండి. దగ్గరి గ్రంథాలయానికి వెళ్ళి పాటల గది కావాలని రాతపూర్వకంగా అడగండి, రశీదు తీసుకోండి. పది మంది అడిగితే పక్కన పెడతారు, వెయ్యి మంది అడిగితే చేస్తారు. ఈసారి సభలో పెద్ద పాటగాడు మైకు పట్టుకున్నప్పుడు, "అన్నా, కొత్తది పాడు" అని అడిగే మొదటి గొంతు మీదే కావాలి!

— సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాటల ప్రేమికులు