పుట్టకు పాలు, పాముకు కర్ర

నాగుల చవితి వెళ్ళి మూడు రోజులు కాలేదు. తార్నాకలో మా సందు చివరి గోడకి అవతల ఉస్మానియా యూనివర్సిటీ తుప్పలు. ఆ గోడ దిగి ఆరడుగుల జెర్రిపోతు ఒకటి మా సందులోకి వచ్చింది. "కొట్టండి! కొట్టండి!" అని మొదట కేక పెట్టిందెవరనుకున్నారు? చవితినాడు తెల్లారేసరికల్లా తలంటుకుని, క్యాంపస్‌లో పుట్టకు పాలు పోసి, చిమ్మిలి పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకొచ్చిన పక్కింటి పిన్నిగారే!

నేను మెట్లు దిగేలోపలే పని అయిపోయింది.

భయపడినందుకు ఆవిణ్ణి తప్పు పట్టను. పామంటే నాకూ గుండె దడే. కానీ ఏళ్ళ తరబడి మొక్కుతున్న ప్రాణి గురించి ఒక్క ముక్క తెలుసుకోకపోవడం ఏం భక్తి అండీ? జెర్రిపోతుకు పడగ లేదు, విషమూ లేదు. పెద్ద గుండ్రటి కళ్ళు, పెదవుల మీద నల్లగీతలు. పారిపోయే దారి దొరక్కపోతే మెడ ఉబ్బించి, గుర్రుమంటూ తల ఎత్తుతుంది. విషం లేనిదానికి ప్రకృతి ఇచ్చిన బెదిరింపు అది, అంతే. ముంగిస దగ్గర పనికొస్తుందేమో గానీ, మన దగ్గర ఆ బెదిరింపే దాని పీక మీదికి తెస్తుంది. "అదిగో పడగ!" అన్నారట మా సందులో.

"నాలుక చాపుతోంది, కాటేస్తుంది" అని ఇంకొకరు. అది వాసన చూడటమండీ! గాలిలోని వాసనను నాలుకతో అందుకుని, అంగిట్లో అందుకోసమే ఉన్న అవయవానికి చేరవేస్తుంది. నాలుకకు రెండు కొనలున్నది వాసన ఏ పక్కనుంచి వస్తోందో పోల్చుకోడానికి. అలా పట్టుకునే ఎలుక కన్నంలోకి దూరుతుంది. ఎలుకల బోన్లు కొనుక్కునే మనం, కూలి అడగని పనివాణ్ణి కర్రలతో కొట్టి చంపాం.

పైగా జెర్రిపోతు నాగుపాముకు మొగుడట! రెండూ ఒక కుటుంబంలోవే కావు. ఈ పెళ్ళి ఎవరు కుదిర్చారో! పాములకు పాలు ఆహారమూ కాదు, పుట్ట కట్టేది పామూ కాదు, చెదలు.

"పిల్లలు తిరిగే చోట ఈ పాఠాలేమిటమ్మా?" అంటారు. నిజమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ప్రాణం తీసేవే. ఏ పామో పోల్చుకోలేకపోతే పిల్లల్ని లోపలికి పిలిచి, దూరంగా నిలబడి, అది ఎటు పోతోందో చూస్తూ ఫోను చెయ్యండి. పాముల్ని పట్టుకుపోయే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ ఊళ్ళోనే ఉంది. కర్ర పట్టుకుని దగ్గరకు వెళ్ళేవాళ్ళే కాటుకు అందుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా చంపొద్దనే అంటోంది.

సాయంత్రం పిన్నిగారు చిన్న గిన్నె పట్టుకుని వచ్చారు. చచ్చిన పాము మీద పాలు పోసి దహనం చెయ్యకపోతే దోషమట. "ఓ పావు లీటరు ఉంటే ఇస్తావుటమ్మా?"

లేవన్నాను. ఫ్రిజ్‌లో రెండు ప్యాకెట్లున్నాయి.